‘థ’లో చుక్క జాగ్రత్త

పిల్లలూ,

మన ఊరి గ్రంథాలయానికి ఈ సెలవుల్లో మీరే పేరు బోర్డు చెక్కుతారని తెలిసి చాలా సంతోషమేసింది. ఫ్లెక్సీ వేయిస్తే ఒక్క పూటలో అయిపోయే పని. మీరు చెక్కుదామనుకున్నారు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు బోర్డు సంగతి. మన కోనసీమకు ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ, కింద సముద్రం. గాలిలో ఎప్పుడూ తేమే. ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో కలిపి నొక్కి చేసే పలక, నున్నగా తెగుతుంది గానీ అంచుల్లోంచి నీళ్లు పీల్చి ఉబ్బిపోతుంది, బయట పెట్టడానికి పనికిరాదు. టేకు నిలుస్తుంది, కానీ ఖరీదు. పైగా చెక్కలో నార ఉంటుంది, దానికి ఎదురుగా ఉలి పెడితే పెచ్చు లేస్తుంది. మీరు వంటింటి అలమార్లకు వాడే పీవీసీ ఫోమ్ బోర్డు 18 మి.మీ. మందంలో కొనండి. దీనికి నార లేదు, నీళ్లు పీల్చదు, ఎటు నుంచి కోసినా తెగుతుంది.

బోర్డు ఇంత సులువుగా తెగుతుంది కాబట్టి కష్టమంతా అక్షరం గీయడంలోనే ఉంది. ‘గ్రంథాలయం’ అని కాగితం మీద అసలు సైజులో రాసి, గోడకు అంటించి, రోడ్డు అవతల నుంచి చదవండి. ‘గ్ర’ కింద ర ఒత్తుకు చోటు వదలకపోతే కింది వరుసలో రాసే ఊరి పేరు దానికి తగులుతుంది. ‘థ’ ఇంకా తంటా. అక్షరాలు విడిగా కోసి అతికిస్తే లోపలి చుక్క వేరుగా ఊడి వస్తుంది. అది పోయిందంటే ‘గ్రంధాలయం’ అయిపోతుంది, పుస్తకాలుండే చోట తప్పు స్పెల్లింగు! లోపలికి చెక్కితే ఆ బాధ లేదు. అయితే చుక్కకీ చుట్టూ ఉన్న గీతకీ మధ్య మిగిలే గోడ సన్నగా ఉంటే విరిగిపోతుంది. అందుకే ‘థ’ పొట్ట కాస్త పెద్దగా గీయండి.

గాడి ఇంగ్లీషు ‘V’ ఆకారంలో తీయండి. ఒక వాలు మీద వెలుగు, రెండో వాలు మీద నీడ పడితేనే అక్షరం దూరానికి కనిపిస్తుంది. రెండు వాలుల మధ్య కోణం 90 డిగ్రీలైతే లోతు గీత వెడల్పులో సగం, అంటే 20 మి.మీ. గీతకు 10 మి.మీ. అదే 60 డిగ్రీలైతే 17 మి.మీ. దాటుతుంది, మీ బోర్డు దాదాపు ఆవలికి తేలిపోతుంది. మన గ్రంథాలయం ఉత్తరం ముఖం కదా. మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరంగా ఉండేది మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకానే. మిగతా నెలల్లో అక్కడ సరైన నీడ పడదు. కాబట్టి గాడిలో ముదురు రంగు నింపండి, బోర్డుకు మాత్రం లేత రంగే వేయండి. ముదురు రంగు వేసిన పీవీసీ ఎండకు వేడెక్కి వంగుతుంది. రంగుకు ముందు ప్రైమర్ తప్పనిసరి, చెక్కిన చోట సన్నటి రంధ్రాలు తేలతాయి.

చుట్టూ పట్టీకి డిజైన్ కోసం వెతకక్కర్లేదు. మామ్మ దగ్గరున్న నరసాపురం లేసు మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దండి, పువ్వులు వాటంతటవే వస్తాయి. మూలల్లో పట్టీని 45 డిగ్రీలకు కోయండి. పైన హంస బొమ్మ కావాలంటే మూడు పలకలు అతికించి చెక్కండి. ముందు మట్టితో చేసి చూసుకోండి, కొత్తపేట వెళ్లి విగ్రహాలు చేసేవాళ్లను అడిగినా ఇదే చెబుతారు.

మాస్కు లేకుండా ఉప్పుకాగితం పట్టొద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేజర్ కటింగ్ షాపుకు మాత్రం అస్సలు తీసుకెళ్లకండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది మనిషికీ చెడే, మెషీనుకూ చెడే. కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషీను, సీఎన్‌సీ రూటర్ అయితే పర్వాలేదు. కానీ మొదటి బోర్డు మీ చేత్తోనే చెక్కండి, నా మాట విని.

తగిలించేటప్పుడు ఉత్త స్క్రూలు నమ్మొద్దు, ఫోమ్‌లో పట్టు నిలవదు. బోర్డు ఇటు నుంచి అటు దాకా పోయే బోల్టులు వేసి వెడల్పు వాషర్లు పెట్టండి. 8 అడుగుల పట్టీ 25 డిగ్రీల వేడి తేడాకు మూడు, నాలుగు మిల్లీమీటర్లు సాగుతుంది, కాబట్టి రంధ్రాలు బోల్టు కంటే కొంచెం పెద్దవిగా వేయండి.

ఆశీస్సులతో,
తాతయ్య