ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్, రాస్ప్‌బెర్రీ పై: అపోహలు – వాస్తవాలు

పలాస జీడిపప్పు యూనిట్లో ట్రేల వేడి చూడాలన్నా, బుడితి ఇత్తడి సామాను వేడి తెలుసుకోవాలన్నా చాలామంది కొనేది తాకకుండానే వేడి కొలిచే ఎంఎల్‌ఎక్స్ 90614 ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ బోర్డే. దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపి రీడింగ్ చదువుతారు. వైరింగ్ తేలికే. కొంపముంచేది కొలతే.

అపోహ: 5 వోల్టులిస్తే రీడింగ్ బాగుంటుంది.

వాస్తవం: రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. ఈ సెన్సర్‌లో ఏఏఏ రకం 5 వోల్టులది, బీఏఏ రకం 3 వోల్టులది. బీఏఏ తీసుకోండి. సెన్సర్ పవర్‌ను రాస్ప్‌బెర్రీ పై 1వ పిన్నుకు, ఎస్‌డీఏ (డేటా వైరు) 3కు, ఎస్‌సీఎల్ (క్లాక్ వైరు) 5కు, గ్రౌండ్ 6కు కలపండి. సెట్టింగుల్లో ఐ2సీ (ఈ రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి) ఆన్ చేసి స్కాన్ చేస్తే 5ఏ అనే అడ్రస్ కనిపించాలి. కనిపించలేదా? ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ తారుమారయ్యాయేమో చూడండి. అవే వైర్లకు కలిపిన డిస్‌ప్లే కోసం బస్ వేగం (ఆ వైర్ల మీద డేటా వేగం) 400 కిలోహెర్ట్జ్ చేసి ఉంటే 100కు దించండి, ఈ సెన్సర్ అంతకు మించి పోలేదు. వైరు అరమీటరు లోపే ఉంచండి.

ఎదుటి వస్తువు వేడి ఉండే 7వ రిజిస్టర్ (సెన్సర్ మెమరీలో ఒక గడి) విలువను 0.02తో గుణించి 273.15 తీసేయాలి. 15,658 వస్తే 40.01 డిగ్రీలు.

అపోహ: దేని మీద గురిపెట్టినా దాని వేడే చూపిస్తుంది.

వాస్తవం: ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మెరిసే ఇత్తడి తన వేడిని చాలా తక్కువగా వెదజల్లుతుంది, చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. 80 డిగ్రీల నీళ్లున్న బిందె గది వేడికి కాస్త పైన మాత్రమే చూపిస్తుంది. సెన్సర్లో ఎమిసివిటీ (వస్తువు తన వేడిని ఎంత వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.1 కంటే కిందకు దించలేం, కాబట్టి సెట్టింగ్ మార్చినా లాభం లేదు. బిందె మీద మాస్కింగ్ టేపు గాలి బుడగ లేకుండా ఒత్తి అంటించి, ఆ టేపు మీదే కొలవండి. అప్పుడు 80 దగ్గర సుమారు 2 డిగ్రీలు తక్కువ వస్తుంది, అంతే. స్టీలు ట్రేలకూ ఇదే పద్ధతి. జీడిపప్పు మీదయితే టేపు అక్కర్లేదు.

అపోహ: దూరం నుంచి కూడా చిన్న చుక్కను కొలుస్తుంది.

వాస్తవం: బీఏఏ చూపు 90 డిగ్రీల వెడల్పు. 10 సెంటీమీటర్ల దూరంలో 20 సెంటీమీటర్ల వలయమంతటి సగటు ఇస్తుంది. 5 సెంటీమీటర్ల టేపు ముక్కకు 2 సెంటీమీటర్ల దూరమే సరి. ఇంకా దూరం కావాలంటే 35 డిగ్రీల బీసీసీ రకం కొనండి.

అపోహ: డ్రైయర్ అద్దం బయటి నుంచి చూసినా చాలు.

వాస్తవం: ఈ సెన్సర్ చూసే కిరణాలు గాజు గుండా రావు. వచ్చేది అద్దం వేడి. లోపల బిగిస్తే సెన్సర్ ఒంటి వేడి 85 దాటనివ్వకండి, సెన్సర్ ముందున్న చిన్న కిటికీ మీద ఆవిరి చెమ్మ పట్టకుండా చూడండి. 380 డిగ్రీల పరిమితి ఎదుటి వస్తువుకు, సెన్సర్‌కు కాదు. సెన్సర్‌ను రాస్ప్‌బెర్రీ పై బోర్డు ప్రాసెసర్ మీద కూడా బిగించొద్దు: ఒక పక్కే వేడెక్కితే రీడింగ్ పక్కకు జరుగుతుంది.