గడ్డకట్టిన రక్తాన్ని కరగనివ్వని మాత్ర

దేవరకొండ వైపు ఒక బడిలో సైన్సు చెప్పే సారు ఒక ప్రశ్న పంపారు. వాళ్ల క్లాసులో హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న పిల్లవాడికి పాలపన్ను ఊడింది. రక్తం కాసేపటికే ఆగింది, కానీ మర్నాడు మళ్లీ మొదలైంది. డాక్టరు ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు రాసిచ్చారు, తగ్గింది. "వాడికి లేనిది ఫ్యాక్టర్ 8. ఆ మాత్రలో అది లేదు. మరి రక్తం ఎట్ల ఆగింది?" అని సారు అడుగుతున్నారు. ఫ్యాక్టర్ 8 అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఒక ప్రొటీను.

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. మన బడి పాఠం ఫైబ్రిన్ వల (గడ్డను పట్టి ఉంచే ప్రొటీను పోగుల వల) దగ్గర ఆగిపోతుంది. వల పడింది, రక్తం ఆగింది, గంట కొట్టారు. ఆ వలను కరిగించే ఏర్పాటు కూడా ఒంట్లోనే ఉందని ఎవరూ చెప్పరు.

వరి మడి ఒడ్డును తలుచుకోండి. ఎంత గట్టిగా మెత్తినా ఎండ్రికాయలు బొక్కలు పెడతాయి, తెల్లారేసరికి నీళ్లు కింది మడిలోకి దిగిపోతాయి. రక్తపు గడ్డ ఒడ్డయితే ప్లాస్మిన్ అనే ఎంజైము ఎండ్రికాయ. గాయం మానాక గడ్డను తీసెయ్యడానికి అది కావాల్సిందే. అయితే తవ్వాలంటే ముందు దానికి పట్టు దొరకాలి. ఫైబ్రిన్ మీద ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లమే ఆ పట్టు. ట్రానెక్సామిక్ ఆమ్లం అచ్చం లైసీన్‌లాగే ఉండి, ప్లాస్మిన్‌కు ముందు రూపమైన ప్లాస్మినోజన్ డెక్కల్లో ఇరుక్కుంటుంది. ఎండ్రికాయ చావదు, కానీ దాని డెక్కలు ఖాళీగా ఉండవు. ఒడ్డు నిలుస్తుంది.

హీమోఫీలియాలో ఈ ఒడ్డే బలహీనం. పన్ను ఊడగానే ప్లేట్‌లెట్లు గుమిగూడి తాత్కాలికంగా అడ్డు కడతాయి, అందుకే మొదట ఆగినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత గట్టి వల పడాలంటే ఫైబ్రిన్‌ను తయారుచేసే థ్రాంబిన్ అనే ఎంజైము బాగా తయారవ్వాలి. ఫ్యాక్టర్ 8 తక్కువైతే థ్రాంబిన్ చాలదు. చిగురు మీద నల్లగా, జెల్లీలా వేలాడే గడ్డ ఏర్పడి, దాని అంచుల నుంచి రక్తం ఊరుతూనే ఉంటుంది. ఇంకో నష్టం కూడా ఉంది. థ్రాంబిన్ పుష్కలంగా ఉంటే టాఫి అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. అది ఫైబ్రిన్ కొనల్లోని లైసీన్లను కత్తిరించి, ఎండ్రికాయకు పట్టు దొరక్కుండా చేస్తుంది. ఈ పిల్లవాడికి ఆ రక్షణా తక్కువే. ఒడ్డు మీది పట్టు తీసెయ్యలేని ఒంటికి, డెక్కలు నింపి అదే మేలు చేస్తుంది ఈ మాత్ర. సారు ప్రశ్నకు జవాబు ఇదే.

నోట్లో ఇది మరీ బాగా పనిచెయ్యడానికి కారణం ఉమ్మి. ప్లాస్మినోజన్‌ను ప్లాస్మిన్‌గా మార్చే పదార్థం ఉమ్మిలోనే ఉంది. ముక్కు లోపలి పొర, గర్భాశయం పొర కూడా అలాంటివే. మోకాలి కీలులో రక్తం చేరితే మాత్రం ఈ మాత్ర ఒక్కటే చాలదు, ఫ్యాక్టర్ ఎక్కించాల్సిందే.

మామూలుగా కిలో బరువుకు 25 మి.గ్రా. చొప్పున రోజుకు మూడు సార్లు ఇస్తారు. అంటే 20 కిలోల పిల్లవాడికి పూటకు 500 మి.గ్రా. మందు కొద్ది గంటల్లోనే మూత్రంలో వెళ్లిపోతుంది కాబట్టి పూట తప్పకూడదు. డాక్టరు చెబితే 5 శాతం ద్రావణంతో పుక్కిలించవచ్చు కూడా. పంటి గుంతలో కాఫీ పొడి, పసుపు కుక్కడం, దిష్టి తీసి ఊరుకోవడం మాత్రం దయచేసి వద్దు. ఆ పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు.

మూత్రంలో రక్తం పడుతుంటే ఈ మాత్ర వాడరు. అక్కడ గడ్డ కరగకపోతే మూత్రనాళానికే అడ్డం పడి, మూత్రం కిందికి దిగదు.

దీన్ని కనిపెట్టింది జపాన్‌కు చెందిన ఉతాకో ఒకమోతో, షోసుకే ఒకమోతో దంపతులు. 1962లో వివరాలు ప్రకటించారు. కాన్పు తర్వాత రక్తస్రావంతో చనిపోయే తల్లులను కాపాడాలన్నది ఉతాకో గారి తపన. 2017లో వెలువడిన పెద్ద పరీక్షలో ఈ మందు ఆ మరణాలను తగ్గిస్తుందని తేలింది.

సారుకు ఇంకొక్క మాట. ఈ లోపం చాలాసార్లు తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. లోపాన్ని మోసే తల్లికి, అక్కచెల్లెళ్లకు కూడా ఫ్యాక్టర్ తక్కువగా ఉండవచ్చు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతున్నా వాళ్లు నోరు విప్పరు. పిల్లవాడితో పాటు వాళ్లకూ ఫ్యాక్టర్ పరీక్ష చేయించమనండి. వాళ్ల నెలసరి బాధకూ డాక్టర్లు ఇదే మాత్ర రాస్తారు.