ఖండాల కదలిక: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఖండాలు కరిగిన లావా సముద్రం మీద తేలుతున్నాయి.

వాస్తవం: రాళ్లను అధ్యయనం చేయడమే నా వృత్తి. నాకు అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఇది. భూపటలం కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్న మాంటిల్ దాదాపు అంతా గట్టి రాయే. భూకంపాల్లో పుట్టే ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. అవి మాంటిల్‌ను దాటి వస్తాయి, దాని అడుగున ఉన్న ద్రవ కేంద్రకం దగ్గర మాత్రం ఆగిపోతాయి.

మరి గట్టి రాయి కదలడం ఎలా? నా బల్ల మీద పిడికెడంత మాంటిల్ ముక్క ఒకటి ఉంది. అగ్నిపర్వతపు లావా పైకి వస్తూ మోసుకొచ్చిన ఆకుపచ్చ రాయి. దాని నుంచి కోసిన పలకను వెలుతురు దూరేంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఆలివిన్ అనే ఖనిజపు స్ఫటికాలు నీలి, గులాబి రంగుల్లో మెరుస్తాయి. కొన్నిటి లోపల మడతల్లాంటి చారలుంటాయి. స్ఫటికం కరగకుండానే వంగిందనడానికి అవే గుర్తు. తగినంత వేడి, లక్షల ఏళ్ల వ్యవధి ఉంటే గట్టి రాయి కూడా ప్రవహిస్తుంది. ఆ చారలను మొదటిసారి చూసిన రోజు చాలాసేపు కన్ను తీయలేకపోయాను.

అపోహ: ఖండాలు పడవల్లా సముద్రపు అడుగును చీల్చుకుంటూ వెళ్తాయి.

వాస్తవం: 1912లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఖండాల కదలిక గురించి చెప్పినప్పుడు, రాయిని చీల్చుకుని రాయి ఎలా వెళ్తుందని చాలామంది అడ్డు చెప్పారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కదిలేది ఖండం ఒక్కటే కాదు, దాన్ని మోస్తున్న ఫలకం మొత్తం, అంటే భూమి పైపొరలోని ఒక పెద్ద గట్టి ముక్క. సముద్రగర్భం కూడా అందులో భాగమే.

అపోహ: అడుగు నుంచి ఉబికే మాగ్మాయే ఫలకాలను నెడుతుంది.

వాస్తవం: నెట్టుడు కంటే లాగుడే బలమైనది. సముద్రాల నడుమ కొండల వరుసల వద్ద పుట్టిన రాయి దూరం జరిగేకొద్దీ చల్లబడి బరువెక్కుతుంది. చివరికి లోతైన కందకాల వద్ద మాంటిల్‌లోకి మునుగుతూ, వెనకున్న ఫలకాన్ని తనతో లాక్కుపోతుంది. బరువైన అంచు మంచం మీది నుంచి జారితే దుప్పటంతా జారినట్టు. అందుకే పడమటి, ఉత్తర అంచుల్లో కందకాలున్న పసిఫిక్ ఫలకం వేగంగా కదులుతుంది. అవి తక్కువగా ఉన్న అట్లాంటిక్ ఏటా రెండు మూడు సెంటీమీటర్లే వెడల్పవుతోంది. సముద్రగర్భంలో 20 కోట్ల ఏళ్లు దాటిన రాయి దాదాపు దొరకకపోవడానికీ ఇదే కారణం. ఖండాల మీద 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్లున్నాయి.

అపోహ: ఒకప్పుడు ఖండాలన్నీ కలిసి ఉన్న పాంజియా విడిపోయాక ఖండాలు కుదురుకున్నాయి.

వాస్తవం: లేదు. భారత ఫలకం నేటికీ ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తర దిశగా జరుగుతోంది. పాంజియా మొదటి మహాఖండమూ కాదు. దానికి ముందు రొడీనియా, దానికీ ముందు నూనా ఇలాగే కూడి, విడిపోయాయి.