పంట పోయాక చేతికొచ్చిన తాళాలు

1994-95లో తెల్లమచ్చ వైరస్ నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులను ఊడ్చేసింది. ఇందుకూరుపేట దగ్గర మా మేనత్త వాళ్ల చెరువూ పోయింది. అప్పులవాళ్లు ఇంటి చుట్టూ తిరుగుతుంటే మామయ్య లెక్కల పుస్తకం, బీరువా తాళాలు తెచ్చి అత్త ముందు పెట్టాడు. తర్వాతి పంటా దెబ్బతింది. ‘ఆడదాని చేతికిస్తే ఇంతే’ అన్నారు ఊళ్లో. తాళాలకంటే వైరస్ ముందొచ్చిందని ఎవరికీ గుర్తు రాలేదు.

2003 నవంబరులో లండన్ పత్రిక ‘ది టైమ్స్’ ఇదే మాటను కాస్త మర్యాదగా రాసింది: బోర్డుల్లోకి ఆడవాళ్లు వచ్చిన కంపెనీల షేర్లు పడుతున్నాయని. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధకులు మిషెల్ ర్యాన్, అలెక్స్ హాస్లం తేదీలు ముందేసుకుని చూశారు. మార్కెట్ మొత్తం కుంగిన రోజుల్లో మహిళలను తీసుకున్న కంపెనీలు, అంతకుముందు ఐదు నెలలుగా నేలచూపులు చూస్తూనే ఉన్నాయి. మునిగే వేళ ఆడవాళ్ల చేతికి పగ్గాలిచ్చే ఈ తంతుకు 2005లో ‘గ్లాస్ క్లిఫ్’ అని పేరు పెట్టారు. కొండ అంచు, అదీ గాజుది.

టెక్ కంపెనీల్లో ఈ కథ అప్పటికే మొదలైంది. నెల్లూరులో ఏ సెంటర్‌కెళ్లినా షాపు బోర్డు మీద కనిపించే పేరు జిరాక్స్. ఆ అమెరికా కంపెనీ దివాలా అంచున ఉండగా 2001లో యాన్ మల్కాహీ సీఈవో అయ్యారు. దివాలా తీయమన్న సలహాలు వినకుండా నిలబెట్టారు. 1976 నుంచి అక్కడే పనిచేసిన మనిషి, ఏ గదిలో ఏముందో తెలుసు.

ఇంటర్నెట్ కంపెనీ యాహూలో అలా కాదు. 2008లో మైక్రోసాఫ్ట్ 4,460 కోట్ల డాలర్లు ఇస్తానంటే యాహూ కాదంది. ఆ తర్వాత 2009లో బయటినుంచి కరోల్ బార్ట్జ్‌ను తెచ్చారు. 2011 సెప్టెంబరులో ఫోన్‌లోనే తీసేశారు. ఆ సంగతి ఆవిడే సిబ్బందికి రెండు ముక్కల్లో మెయిల్ పెట్టారు. తర్వాత వచ్చినాయన నాలుగు నెలలకే వెళ్లిపోయాడు, ఆయన పేరు ఎందరికి గుర్తుంది? 2012 జులైలో మరిస్సా మేయర్ వచ్చారు, అప్పుడు గర్భవతి. 110 కోట్ల డాలర్లు పెట్టి బ్లాగుల సైటు టంబ్లర్ కొనడం లాంటి తప్పులు ఆమెవే. కానీ 2017లో యాహూ ఇంటర్నెట్ వ్యాపారం సుమారు 448 కోట్ల డాలర్లకు ఫోన్ కంపెనీ వెరైజన్‌కు పోయినప్పుడు, పదేళ్ల నష్టమంతా ఆమె ఖాతాలోనే రాశారు.

లీసా సు 2014లో కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఏఎండీ పగ్గాలు పట్టారు. మరుసటి ఏడాది షేరు రెండు డాలర్ల లోపు. 2017లో రైజెన్ చిప్‌లు వచ్చాయి, 2022లో ఏఎండీ మార్కెట్ విలువలో తన పోటీదారు ఇంటెల్‌నే దాటేసింది.

మా అత్త ఆ అప్పులన్నీ తీర్చింది. వెనామీ రొయ్య వచ్చాక చెరువు కళకళలాడింది. తాళాలు ఇప్పుడు బావ దగ్గరున్నాయి.