పెరుగు తోడుకోకపోతే ఇంకాస్త కల్చర్ వేయకండి

పోయిన నెల రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. నల్గొండ వైపు చిన్న పెరుగు యూనిట్ నడుపుకుంటున్న కుర్రాడు. "మేడమ్, రెండో రోజు కూడా పెరుగు తోడుకోలేదు. ఈరోజు కల్చర్ డబుల్ వేశా. అయినా పల్చగానే ఉంది." వెనక నుంచి వాళ్ల నాన్న గొంతు: "కల్చర్ అమ్మినవాడే మోసం చేశాడని చెప్పు." కల్చర్ అంటే తోడుగా వేసే బ్యాక్టీరియా, ప్యాకెట్లలో కొంటారు. రోజుకి 800 లీటర్లు. పాలు పోసిన రైతులకి డబ్బులు మాత్రం ఆపకుండా కట్టాలి కదా, పాపం ఆ టెన్షన్ గొంతులోనే తెలుస్తోంది.

ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. డెయిరీ ల్యాబుల్లో పనిచేస్తూ పద్నాలుగేళ్లుగా వింటున్న మాట ఇదే. కాబట్టి అన్నిటికంటే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: పెరుగు తోడుకోలేదంటే కల్చర్‌లో బలం తగ్గింది. డోసు పెంచితే సరి.

వాస్తవం: ఆ కుర్రాణ్ణి నేనడిగింది ఒక్కటే, "గంటగంటకీ పీహెచ్ రాసుకున్నావా?" అదృష్టం, రాసుకున్నాడు. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె దిగేకొద్దీ పులుపు పెరిగినట్టు. మొదట్లో 6.6. గంటకి 6.3. రెండు గంటలకి 5.8. మూడో గంటకి 5.7. నాలుగో గంటకీ 5.7. ఐదో గంటకీ అంతే. ఆ అంకెలు వినగానే నాకు సగం అర్థమైంది. కల్చర్ చచ్చిందే అయితే రెండు గంటల్లో 5.8 దాకా వచ్చేదే కాదు. చక్కగా మొదలుపెట్టి, మధ్యలో కాలు విరిగినట్టు ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది ఫేజ్‌ని. అంటే బ్యాక్టీరియాని తినే వైరస్.

మన పెరుగులో ఎక్కువగా పనిచేసే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా సంగతే తీసుకోండి. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్‌ని లోపలికి లాక్కుంటుంది, గ్లూకోజ్, గెలాక్టోజ్‌లుగా చీలుస్తుంది. గ్లూకోజ్‌ని లాక్టిక్ ఆమ్లంగా మార్చి ఆ దారిలో తనకి కావలసిన శక్తి తీసుకుంటుంది. గెలాక్టోజ్‌ని మాత్రం దానిలోని చాలా స్ట్రెయిన్లు, అంటే ఉపరకాలు, వాడుకోవు, బయటికి నెట్టేస్తాయి. తమాషా ఏమిటంటే ఆ గెలాక్టోజ్ బయటికి పోతుంటేనే దానికి బదులుగా లాక్టోజ్ లోపలికి వస్తుంది, ఒకే గుమ్మంలోంచి ఒకరు దిగితే ఒకరు ఎక్కినట్టు. ఆమ్లం పెరిగి పీహెచ్ 4.6 దగ్గరికి దిగినప్పుడు కేసీన్ అనే పాల ప్రోటీన్ గట్టిపడి పెరుగవుతుంది. ఈలోపు ఫేజ్ దూరిందనుకోండి, అరగంట, ముప్పావుగంటలో ఒక్కో కణం పగిలి పదుల కొద్దీ కొత్త ఫేజ్‌లు బయటపడతాయి. ఒక్కోసారి వందకి పైనే. ఇక ఆమ్లం తయారుచేసేవాళ్లు మిగలరు.

ఇక్కడే డోసు పెంచడం ఎంత నష్టమో చూడండి. ఫేజ్ అన్ని బ్యాక్టీరియాలనీ తినదు, దానికి ఫలానా స్ట్రెయినే కావాలి. మీరు రెట్టింపు వేసింది అదే ప్యాకెట్, అదే స్ట్రెయిన్. మిడతలు పడ్డ చేలో మళ్లీ అదే విత్తనం ఇంకాస్త ఎక్కువ చల్లడం లాంటిదే. రేపటికి ఫ్లోర్ మీద, పైపుల్లో, గాల్లో ఉండే ఫేజ్ ఇవాళ్టికంటే ఎక్కువ. 1935లోనే న్యూజిలాండ్‌లో వైట్‌హెడ్, కాక్స్ అనేవాళ్లు చీజ్ కల్చర్లలో దీన్ని పట్టుకున్నారు. మనం ఇంకా సప్లయర్‌తో గొడవ పడుతున్నాం.

నాకిదంతా పుస్తకం నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో, ఒక డెయిరీలో, "డోసు పెంచండి సార్" అని సలహా ఇచ్చింది నేనే. మూడు రోజులు వరసగా రెండేసి వేల లీటర్లు పోయాయి. నాలుగో రోజు ఒక పెద్దాయన వచ్చారు. కల్చర్ ప్యాకెట్ వైపు చూడనైనా లేదు. చేతులు వెనక్కి కట్టుకుని నేల చూసుకుంటూ నడిచారు. కల్చర్ వేసే గది తలుపుకి నాలుగడుగుల దూరంలో ఒక తూము. మార్కెట్ నుంచి తిరిగొచ్చిన పెరుగు ప్యాకెట్లు కోసి అందులో పోసేవాళ్లు, ఆపైన ప్రెషర్ పైపుతో నీళ్లు కొట్టేవాళ్లు. ఆ తుంపర్లు ఎక్కడికి పోతాయి? "ఏమ్మా, నువ్వు పాలలో వెతుకుతున్నావు, అది గాల్లో ఉంది" అన్నారాయన. సిగ్గుతో తల దించుకున్నాను. దించితే కనపడింది కూడా ఆ తూమే.

పాలు మరిగిస్తాం కదా, ఫేజ్ చావదా అని అడుగుతారు. 72 డిగ్రీల దగ్గర పదిహేను సెకన్ల పాశ్చరైజేషన్‌కి చాలా ఫేజ్‌లు తట్టుకుని నిలబడతాయి. పెరుగు పాలని 85, 90 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచుతాం కాబట్టి పాలలో ఉన్నవాటిలో చాలావరకు పోతాయి. కానీ మన కొంప ముంచేది పాలు చల్లార్చాక వచ్చి పడేది.

చేయాల్సింది ఏమిటంటే, కల్చర్ మార్చాలి. అదే కంపెనీదైనా ఫర్వాలేదు, స్ట్రెయిన్లు వేరుగా ఉండాలి. రెండుమూడు రకాలు పెట్టుకుని వంతులవారీగా వాడాలి. మా అమ్మ సైన్స్ చదవలేదు. ఇంట్లో తోడు రెండు రోజులు సరిగ్గా పనిచేయకపోతే గిన్నె కడిగి ఎండబెట్టి, పక్కింటి పిన్నిగారి దగ్గర చెంచాడు తోడు తెమ్మని నన్ను పంపేది. మా అత్తగారి ఊళ్లో దాన్ని చేమిరి అంటారు. పేరు ఏదైతేనేం, కల్చర్ రొటేషన్ అంటే అదే.

జన్యుశాస్త్రం వైపు ఒక్క నిమిషం వెళ్తాను, ఎందుకంటే ఈ కథలో నాకు బాగా ఇష్టమైన ముక్క అదే. ఫేజ్ దాడిలో కొన్ని థర్మోఫిలస్ కణాలు బతికి బయటపడతాయి. 2007లో కల్చర్లు తయారుచేసే డానిస్కో కంపెనీలో బరాంగూ, హోర్వత్ బృందం చూపించింది ఏమిటంటే, అలా బతికిన కణాలు ఫేజ్ డీఎన్ఏలోంచి చిన్న ముక్క తీసి తమ జీనోమ్‌లో ఒక వరసలో దాచుకుంటాయి. మళ్లీ అదే ఫేజ్ వస్తే ఆ ముక్కతో పోల్చుకుని కోసేస్తాయి. ముక్క తీసేస్తే ఆ రక్షణ పోయింది. ఆ వరస పేరే క్రిస్పర్. 2020లో షార్పెంటియర్, డౌడ్నాలకి నోబెల్ వచ్చింది క్రిస్పర్‌ని జన్యువులు సరిచేసే కత్తెరగా మలిచినందుకు. ఆ కత్తెర బ్యాక్టీరియా చేతిలో ఎందుకుందో ప్రయోగం చేసి చూపింది మాత్రం మన పెరుగు బ్యాక్టీరియా మీదే. ఇలా ఫేజ్‌ని ఎదుర్కొని నిలిచినవాటిని ఏరుకుని కల్చర్లలో పెడతారు. ఎవరో ఇంకో జీవి జన్యువు తెచ్చి అతికించారన్న భయం అక్కర్లేదు.

కల్చర్ నిజంగా బలహీనపడే సందర్భం ఒకటుంది, దాచను. గది వేడిలో తోడుకునే పెరుగులో లాక్టోకాకస్ అనే ఇంకో బ్యాక్టీరియా ఉంటుంది. లాక్టోజ్ వాడుకునే జన్యువులు, పాల ప్రోటీన్ చీల్చే జన్యువులు దానికి ఎక్కువగా ప్లాస్మిడ్ల మీద ఉంటాయి. ప్లాస్మిడ్ అంటే జీనోమ్‌కి విడిగా ఉండే చిన్న డీఎన్ఏ, జేబులో పెట్టుకున్న చీటీ లాంటిది, జారిపోవచ్చు. ల్యాబ్‌లో నెలల తరబడి అదే కల్చర్‌ని తిరగేస్తూ పోతే చీటీ లేనివి పెరిగి పని నెమ్మదిస్తుంది. అప్పుడు కూడా మందు కొత్త కల్చరే, ఎక్కువ కల్చర్ కాదు.

అపోహ: పాలలో యాంటీబయోటిక్ ఉన్నా కాచితే పోతుంది.

వాస్తవం: పోదు. పొదుగువాపుకి ఇచ్చే పెన్సిలిన్ లాంటివి మరిగించినా చాలావరకు అలాగే ఉంటాయి, థర్మోఫిలస్‌కి కొద్దిగా తగిలినా చాలు. అలాంటి పాలలో పీహెచ్ మొదటి నుంచీ కదలదు. అన్ని కల్చర్లూ ఒకే తీరున మొరాయిస్తాయి. ఫేజ్‌కీ దీనికీ తేడా పట్టుకునేది ఇక్కడే. మందు లేబుల్ మీద ఎన్ని రోజులు పాలు పోయకూడదో రాసి ఉంటుంది. రాసి లేకపోతే మన దేశ నిబంధన ప్రకారం కనీసం 7 రోజులు. రైతుని తిట్టకండి, చాలామందికి ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు.

అపోహ: తీగలు సాగే పెరుగులో జిగురు కలిపారు.

వాస్తవం: ఫెవికాల్ అని వాట్సాప్‌లో వీడియోలు పెట్టేవాళ్లకి దండం. కొన్ని స్ట్రెయిన్లు చక్కెరల గొలుసులు తయారుచేసి బయటికి వదులుతాయి, పెరుగు సాగుతుంది. కావాలనే అలాంటివి ఎంచుకుంటారు. వాసన తేడాగా ఉంటే మాత్రం పారబోయండి, అది వేరే బ్యాక్టీరియా పని కావచ్చు.

అపోహ: గట్టి పెరుగంటే కెమికల్.

వాస్తవం: పాలు బాగా కాగి, వెన్న తీసిన పాలపొడి కాస్త కలిస్తే పెరుగు గట్టిగానే వస్తుంది. అంతే.

అపోహ: పాలు పడనివాళ్లు పెరుగూ మానేయాలి.

వాస్తవం: ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువగా అమ్మలు, గొంతులో భయం ఉంటుంది. లాక్టోజ్ అరగకపోవడమే సమస్య అయితే చాలామందికి పెరుగు పడుతుంది. లాక్టోజ్‌లో కొంత భాగం ముందే ఖర్చయిపోతుంది. మిగిలినదాన్ని చీల్చే ఎంజైమ్‌ని బతికున్న బ్యాక్టీరియా కడుపులోకి మోసుకెళ్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా 2010లో దీన్ని ఒప్పుకుంది. పాల ప్రోటీన్‌తో అలర్జీ ఉంటే అది వేరే సంగతి. అప్పుడు పెరుగూ వద్దు, డాక్టర్‌నే అడగండి.

నల్గొండ కుర్రాడు కల్చర్ మార్చాడు, తిరిగొచ్చిన ప్యాకెట్లు కోసే చోటుని షెడ్ అవతలికి తీసుకెళ్లాడు. మూడో రోజు పొద్దున్నే మీటర్ ఫోటో పంపాడు, 4.5. కింద ఒక మెసేజ్: "మేడమ్, కల్చర్ ఆయనకి నాన్నే ఫోన్ చేసి సారీ చెప్పారు."