నూకలతో గుడ్డు పెంకు తయారవదు

పెట్ట గట్టి పెంకు లేని మెత్తటి తోలుగుడ్డు పెడితే ఇంట్లో ముందు దిష్టి అంటారు, తర్వాత ఏదో రోగం అంటారు. చాలాసార్లు అసలు కారణం మనం వేసే మేతలోనే ఉంటుంది.

గుడ్డు పెంకు దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేటే. ఒక్కో పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు కట్టడానికి పెట్టకు 20 గంటల దాకా పడుతుంది. అందులో ఎక్కువ పని రాత్రి, అది ఏమీ తినకుండా గంప కింద ముడుచుకుని ఉన్నప్పుడే జరుగుతుంది. మరి అప్పుడు కాల్షియం ఎక్కడిది? పేగుల్లో ఇంకా అరుగుతున్న మేత నుంచి కొంత, ఎముకల నుంచి కొంత. గుడ్లకు వచ్చే ముందు పెట్ట తన కాలి ఎముకల బోలులో ప్రత్యేకంగా ఇంకో పొర ఎముకను పేర్చుకుంటుంది. రాత్రి దాన్ని కరిగించి వాడుకుంటుంది, పగలు తిన్నదాంతో మళ్లీ నింపుకుంటుంది. తిండిలో కాల్షియం లేకపోతే పెంకు పలచబడుతుంది, ఎముకలూ గుల్లబారతాయి.

నూకలు, జొన్నలు, మొక్కజొన్నల్లో కాల్షియం లేనట్టే లెక్క. మాంసకృత్తులు కూడా 10 శాతం లోపే. గుడ్లు పెట్టే కోడికి 16 శాతం దాకా కావాలి.

'మా తాతల కాలంలో కోళ్లకు ఎవరు లెక్కలు కట్టారు?' అని అడిగేవాళ్లుంటారు. నిజమే, కట్టలేదు. పెంటకుప్ప, చెదపుట్ట, గట్టు మీది నత్తలు ఆ లెక్క చూసుకున్నాయి. పైగా ఆ నాటుకోడి ఏడాదికి పెట్టింది 60 గుడ్లో, ఇంకాస్త ఎక్కువో. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన గ్రామప్రియ రకం కోడి 200 దాకా పెడుతుంది. దాన్ని సిమెంటు పెరట్లో తిప్పుతూ పిడికెడు నూకలతో సరిపెడితే ఎలా?

బియ్యం ఒక్కటే మేపితే ఏమవుతుందో 1890లలో జావాలో తేలింది. నరాలను దెబ్బతీసే బెరిబెరి రోగం మీద పనిచేస్తున్న డచ్ డాక్టర్ క్రిస్టియాన్ ఐక్‌మాన్ దగ్గరి కోళ్లు కాళ్లు పడిపోయి కూలబడ్డాయి. అవి సైనిక ఆసుపత్రిలో మిగిలిన, పాలిష్ పట్టిన బియ్యపు అన్నం తింటున్నాయి. కొత్తగా వచ్చిన వంటవాడు సైన్యం బియ్యం కోళ్లకెందుకని ఇవ్వడం మానేశాడు. కోళ్లు కోలుకున్నాయి! లోపించింది తవుడులో ఉండే బి1 విటమిన్ అని తర్వాత తెలిసింది. ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. వంటవాడికి ఏమీ రాలేదు.

కాబట్టి నూకల్లో తవుడు కలపండి, మాంసకృత్తులకు వేరుశనగ చెక్క వేయండి. చెక్కకు బూజు పడితే మాత్రం పారేయాల్సిందే, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. చెక్క మాంసకృత్తుల్లో మిథియోనిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. ఆ లోటు పురుగులు, ఎండుచేపల పొడి తీరుస్తాయి. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ ఉండకుండా చూసుకోవాలి.

ఆల్చిప్పల ముక్కలు దాణాలో కలపకుండా విడిగా గిన్నెలో పెట్టండి. పెట్టకు కాల్షియం మీద ప్రత్యేకంగా ఆకలి ఉంటుంది, సాయంత్రం పూట వెతుక్కుని మరీ తింటుంది. గుడ్డు పెంకులైనా పరవాలేదు, వేయించి నలిపి వేయాలి. కోడిపిల్లలకు మాత్రం పెట్టల దాణా పెట్టొద్దు. అందులోని కాల్షియం వాటి కిడ్నీలను పాడుచేస్తుంది.

ఎండాకాలంలో కోడి తిండి తగ్గిస్తుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది. అప్పుడు మేత పొద్దున్నే ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి వేయాలి. నీళ్ల గిన్నె నీడలో ఉండాలి.