గొంతు చించుకుంటే సంగీతం రాదు: గాత్రంపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో పిల్లలకు కర్ణాటక సంగీతంలో గాత్రం నేర్పుతుంటాను. సరళీ వరసలు (మొదట నేర్పే స్వరాల పాఠాలు) చెప్పడం కన్నా, ఇంట్లోవాళ్లు ముందే నూరిపోసిన మాటలు వదిలించడమే నాకు పెద్ద పని.

అపోహ: గొంతు పుట్టుకతో రావాలి.

వాస్తవం: గొంతు తీరు పుట్టుకతోనే వస్తుంది. శ్రుతి, లయ, దమ్ము మాత్రం సాధనతో వస్తాయి. ఘంటసాల గారి గాత్రం దేవుడిచ్చిందే అనుకుందాం. అయినా ఆయన విజయనగరం వెళ్లి, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు కదా!

అపోహ: పై శ్రుతిలో పాడితేనే పాట.

వాస్తవం: నా దగ్గరకు వచ్చే గొంతు నొప్పులన్నీ ఇక్కడే మొదలవుతాయి. మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంతువులు సెకనుకు సుమారు 100 సార్లకు పైగా, ఆడవాళ్లవి 200 సార్ల దాకా కంపిస్తాయి. అందుకే సాధారణంగా మగవాళ్లకు ఒకటో శ్రుతి (హార్మోనియంపై 'సి') చుట్టుపక్కల, ఆడవాళ్లకు ఐదో శ్రుతి ('జి') దగ్గర హాయిగా ఉంటుంది. అన్నాచెల్లెళ్లను ఒకే హార్మోనియం ముందు కూర్చోబెట్టి ఒకే శ్రుతిలో పాడిస్తే ఇద్దరిలో ఒకరికి శిక్షే. మంద్ర పంచమం (కింది స్థాయి 'ప') నుంచి తార పంచమం (పై స్థాయి 'ప') దాకా మెడ నరాలు ఉబ్బకుండా పాడగలిగితే అది మీ శ్రుతి. పై షడ్జం ('స') దగ్గర గడ్డం పైకి లేస్తోందా? అర శ్రుతి దించండి, పరువేం పోదు. గొంతు మారే వయసులో అబ్బాయిలను క్లాసు మాన్పించేస్తారు. మాన్పించక్కర్లేదు. శ్రుతి దించి, తేలిగ్గా పాడించాలి.

అపోహ: తెల్లవారుజామున లేచి గంటలకొద్దీ అరిస్తేనే సాధన.

వాస్తవం: నిద్ర లేవగానే గొంతు మందంగా ఉంటుంది. నోరు మూసుకుని హుంకారం, తర్వాత మంద్ర స్థాయి, ఆ తర్వాతే పైకి. ఇరవై నిమిషాల చొప్పున రెండు పూటలా చేస్తే చాలు, రోజూ చేయాలి, అంతే. మాయామాళవగౌళ రాగంలో సరళీ, జంట వరసలను మూడు కాలాల్లో (వేగాల్లో) ఆకారంతో, అంటే 'ఆ' అంటూ పాడండి. మొదటి కాలాన్ని దాటేయాలన్న తొందరే పిల్లలను చెడగొడుతోంది.

అపోహ: ఒడియా మీడియం పిల్లలకు తెలుగు కీర్తన నోరు తిరగదు.

వాస్తవం: బాగానే తిరుగుతుంది. సాహిత్యాన్ని ఒడియా లిపిలో రాసుకుంటారు, రాసుకోనివ్వండి. ఒడియా మాటలు కూడా చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి స్వరం నిలపడం వాళ్లకు సులువే. దిద్దాల్సింది ఒక్కటే: అలవాటు కొద్దీ 'అ'ను 'ఒ' వైపు లాగేస్తారు. అద్దం ముందు పెదవులు గుండ్రం కాకుండా ఆకారం పాడిస్తే నెమ్మదిగా సర్దుకుంటుంది.

అపోహ: తేనె, మిరియాలు, కండచక్కెర తింటే గొంతు విచ్చుకుంటుంది.

వాస్తవం: మింగినవి ఆహారనాళంలోకి పోతాయి. స్వరతంతువులు ఉండేది శ్వాసమార్గంలో. తేనె వాటిని తాకనే తాకదు. తాకేది ఆవిరి. నీళ్లు రోజంతా తాగితేనే పనికొస్తాయి, స్టేజీ ఎక్కే ముందు గటగటా తాగితే కాదు.

అపోహ: గొంతు పోతే గుసగుసగా మాట్లాడాలి.

వాస్తవం: గుసగుసలాడినా చాలామందికి గొంతు బిగుసుకుంటుంది. మౌనం మేలు. ఏదైనా చెప్పాలంటే ఫోన్‌లో మెసేజ్ పెట్టుకోండి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం కూడా మానండి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే కషాయాలు కట్టిపెట్టి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. పెళ్లి కచేరీ ఒప్పుకున్నాం, అదయ్యాక చూద్దాం అంటే కుదరదు.